యూలాలీ ఊట నుంచి ఇంటిదాకా

పెయ్రసాక్ ఊళ్ళో నోయెలీ మజో అంత వాగుడుకాయ ఇంకొకరు లేరు. పొద్దున్నే రొట్టెల దుకాణానికి వెళ్ళిందంటే, పొయ్యి మీద పెట్టొచ్చిన సూప్ సగానికి ఇగిరాకే ఇల్లు చేరేది. ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఫాదరుగారి మేజోళ్ళకి మడమ దగ్గర చిల్లి ఎంత పెద్దదయింది, అన్నీ ఆవిడ నోటి నుంచే ఊరంతా తిరిగేవి. అలాంటి మనిషికి ఊరు అప్పజెప్పిన పని నోరు మూసుకుని నడవడం.

ఎవరైనా జబ్బుపడి మంచం దిగలేకపోతే వాళ్ళ బదులు పునీత యూలాలీ ఊటకి వెళ్ళిరావడానికి ఒక మనిషి కావాలి. రోగి ఒంటిమీది చొక్కా, ఉతకనిది, చెమట వాసన పోనిది, చంకన పెట్టుకుని పరగడుపున బయల్దేరాలి. ఊటలో పరిచి, తడిపి, పిండకుండా తేవాలి. ఆ తడి చొక్కానే రోగికి తొడగాలి. వెళ్ళేటప్పుడు ఎంత మాట్లాడినా తప్పులేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక్క మాట పెదవి దాటకూడదు, తల వెనక్కి తిరగకూడదు. రోగి ఆరోగ్యం ఆ తడిగుడ్డ వెంట నడిచి వస్తుంది మరి. కొత్త కొట్టానికి తోలుకొస్తున్న దూడలాంటిది అది. పలికినా, వెనక్కి చూసినా బెదిరి అడవిలో పడుతుంది. అలా పోయినదాన్ని మళ్ళీ తోలుకురావడం ఆ నడిచిన మనిషి వల్ల కాదు.

ఈ పని నోయెలీకి ఆవిడ జ్ఞానతల్లి, బాప్తిస్మం నాడు ఎత్తుకున్న మెలనీ నుంచి వచ్చింది. నోయెలీ మొగుడు చెస్ట్‌నట్ చెట్టు నరుకుతూ దాని కిందే పడి చనిపోయిన ఏడాది అది. పిల్లల్లేరు. ఇంట్లో చప్పుడు లేక, గోడ గడియారాన్ని కూడా ఆపేసి, కనిపించినవాళ్ళతో అలా మాట్లాడుతూ ఉండటం అప్పుడే మొదలుపెట్టింది. మెలనీకి మోకాళ్ళు పట్టేశాయి. ఒకరోజు నోయెలీని కూర్చోబెట్టి, ఇంత వాగేదానివి నువ్వే వెళ్ళు, మాట విలువ తెలిసినవాళ్ళకే మౌనం విలువ తెలుస్తుంది అంది. తర్వాత గొంతు తగ్గించి, నీకు వెనకాల వినిపిస్తుంది, భయపడకు అని చెప్పింది.

తొలిసారి నోయెలీ విన్నది కమ్మరి పెళ్ళాం అడుగులు. ఆ మనిషి అక్కడ ఊళ్ళో దుప్పటి కింద మూలుగుతూ పడుందని తెలుసు. అయినా అడవి దారిలో, రాలిన ఆకుల మీద, ఆవిడ చెక్కజోళ్ళ చప్పుడు వెనకాలే వస్తోంది. నోయెలీ మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అయినా తిరక్కుండా నడిచింది. గడపదాకా వచ్చింది ఆ చప్పుడు. వారం తిరక్కుండానే కమ్మరి పెళ్ళాం లేచి కుందేళ్ళకి గడ్డి కోసుకుంది.

అన్నిసార్లూ అలా ఉండదు. కొన్ని అడుగులు వంతెన దాకా వచ్చి ఆగిపోయేవి. కొన్ని ఊట మెట్ల దగ్గరే కదిలేవి కావు. అలాంటప్పుడు కూడా చొక్కా తెచ్చి ఇచ్చేసేది, ఏమీ చెప్పేది కాదు. కానీ మర్నాడు రొట్టెల దుకాణంలో నోయెలీ నోరు విప్పలేదంటే ఊళ్ళో వడ్రంగి వెళ్ళి శవపెట్టెకి పలకలు చూసుకునేవాడు.

ఆ ఏడు చెస్ట్‌నట్ కాయలు రాలే రోజుల్లో వెర్న్యో వాళ్ళ ఇంట్లో పిల్లకి జ్వరం పట్టుకుంది. పిల్ల పేరు సోలాంజ్. నాలుగో ఏడు నడుస్తోంది. ఆ ఇంట్లో పెద్దది నాయనమ్మ ఆంజెల్. ఆవిడ మొగుడు బాతిస్త్ అంతకుముందు చలికాలమే పోయాడు. కొడుకు రెమీ మాటలు తక్కువ మనిషి. కోడలు ఇవొన్ పట్నం పిల్ల, పెళ్ళికి ముందు లిమోజ్‌లో పింగాణీ కార్ఖానాలో పళ్ళేల మీద పువ్వులు వేసేది. డాక్టరు కారులో వచ్చి సూదిమందు వేసి వెళ్ళాడు, మళ్ళీ వచ్చి మళ్ళీ వేశాడు. జ్వరం మాత్రం పొయ్యిలో నిప్పులా పిల్ల ఒంట్లో అలాగే ఉంది.

ఆంజెల్ హేజెల్ చెట్టు పుల్లలు కాల్చి, ఆ బొగ్గుముక్కలకి ఒక్కో పునీతుడి పేరు పెట్టి, గిన్నెలో నీళ్ళ మీద వదిలింది. యూలాలీ పేరు పెట్టిన ముక్క మునిగింది, అంటే వెళ్ళాల్సింది ఆ ఊటకే. వెంటనే నోయెలీకి కబురు పెట్టింది.

పొద్దున్నే మంచులో నోయెలీ వెళ్ళేసరికి గుమ్మంలోనే అత్తాకోడళ్ళు రుసరుసలాడుకుంటున్నారు. నీళ్ళలో ముంచిన చొక్కా తొడిగితే పిల్లకి చలి కూడా తోడవుతుందని ఇవొన్ వాదన. డాక్టరు మళ్ళీ వస్తానన్నాడు కదా అంది.

"మళ్ళీ వస్తానన్నాడు. తగ్గుతుందన్నాడా?" అని అడిగింది ఆంజెల్.

ఇవొన్ నోయెలీ వైపు తిరిగి, మర్యాదగానే, "మీరు ఏమనుకోకండి. నాకు వీటి మీద నమ్మకం లేదు" అంది.

"నాకు మాత్రం పెద్దగా ఏముందే అమ్మాయ్. నడవడం వచ్చు, అంతే" అంది నోయెలీ. తర్వాత ఆనవాయితీ ప్రకారం అడగాల్సింది అడిగింది. ఈ చొక్కా పిల్లదేనా, మధ్యలో ఇంకెవరైనా తొడిగారా అని.

జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ దాని ఒంటిమీదే ఉంది, నా చేత్తో నేనే కుట్టాను అని ఆంజెల్ ప్రమాణం చేసింది. అది నిజమే. అడిగిందాంట్లో తప్పులేదు, చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆ గుడ్డ ఎక్కడిది అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. జనపనార నేత గుడ్డ ఒక మనిషి ఆయుష్షుతో అరిగిపోయేది కాదు. తాత చొక్కా మనవడికి చొక్కా అవుతుంది, మిగిలింది ఉయ్యాల్లో పక్కగుడ్డ అవుతుంది. ఏ ఇంట్లో చూసినా అంతే.

నోయెలీ చొక్కా మడిచి చంకన పెట్టుకుని బయల్దేరింది.

ఏటి మీద రాతి వంతెన దగ్గర గుస్తు పార పట్టుకుని కాలవలో ఆకులు తోడుతున్నాడు. ఆ దారి బాగోగులు చూడటం అతని ఉద్యోగం, నోయెలీని ఏడిపించడం అతని సరదా. తిరుగు దారిలో ఆవిడ చేత ఎలాగైనా మాట్లాడించాలని ఏళ్ళుగా చూస్తున్నాడు. ఒకసారి నీ ఇల్లు తగలబడుతోందన్నాడు. ఇంకోసారి అడ్డంగా దారి మీద పడుకుని చచ్చినట్టు నటించాడు. నోయెలీ దాటుకుని పోయింది. మర్నాడు మాత్రం దుకాణంలో అందరి ముందూ ఆ బాకీ నోటితో తీర్చుకుంది. వారం దాకా గుస్తు రొట్టెకి పెళ్ళాన్ని పంపాల్సి వచ్చింది.

"ఉన్నదంతా ఇప్పుడే కక్కేసి పో నోయెలమ్మా. వచ్చేటప్పుడు కడుపుబ్బి పోతావు" అన్నాడు గుస్తు.

"నువ్వా కాలవ తోడటం అయ్యేలోగా నేను రోముకి వెళ్ళి పోపుగారిని చూసొస్తాను. ఆ పార నీ చేతిలో నిద్రపోతోంది, లేపకు పాపం" అంది నోయెలీ.

ఎవరికి అని అడిగాడు. వెర్న్యో వాళ్ళ పిల్లకి అంది. గుస్తు నవ్వు ఆపి, తొందరగా పో అన్నాడు.

వంతెన దాటితే చెస్ట్‌నట్ అడవి. అడవి దాటితే పాడుబడ్డ మఠం. దాని పైకప్పు ఎప్పుడో పడిపోయింది, ఒక్క వంపు ద్వారం మాత్రం ఆకాశానికి తెరుచుకుని నిలబడి ఉంటుంది. ద్వారం పక్కన రాతి సింహం, పంటినొప్పి ఉన్నవాళ్ళంతా గడ్డం రుద్దీ రుద్దీ దానికి మొహం లేకుండా చేశారు. వేసవిలో పట్నం వాళ్ళు దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసుకుంటారు. ఈ కాలంలో ఎవరూ రారు. మంచు ఆ ద్వారంలోంచి లోపలికీ బయటికీ మనిషిలా తిరుగుతోంది.

మఠం వెనక నాచు పట్టిన మెట్లు దిగితే ఊట. చిన్న రాతి కప్పు కింద నీలంగా, లోతు తెలియకుండా, చప్పుడు లేకుండా ఉబుకుతూ ఉంటుంది. అడుగున ఇసుక ఎగిరి పడుతుంటే ఎవరో కింద నుంచి ఊపిరి విడుస్తున్నట్టే ఉంటుంది. గట్టు మీద వంచి పడేసిన గుండుసూదులు తుప్పుపట్టి కుప్పగా ఉన్నాయి. నోయెలీ తన సూది ఒకటి వంచి పడేసి, యూలాలీ పేరు తలుచుకుని, చొక్కాని నీళ్ళ మీద పరిచింది.

చిన్న చొక్కా. ముందు బుడగలా లేచింది. తేలితే మంచిది, మునిగితే కాదు, అదీ లెక్క. నోయెలీ ఊపిరి బిగబట్టి చూస్తోంది. చొక్కా తేలింది. కానీ తేలుతూనే వెడల్పయింది. లోపల ఎవరో ఛాతీ నిండా గాలి పీల్చుకున్నట్టు అటూ ఇటూ సాగింది. చేతులు రెండూ చాపుకుంది. ఒక చెయ్యి మెల్లగా మునిగింది, ఒకటి పైనే ఉండిపోయింది.

ఇన్నేళ్ళలో అలా జరగడం ఆవిడ చూడలేదు. నీళ్ళు అలా తిప్పి ఉంటాయిలే అనుకుంది. చొక్కా తీసి, నీళ్ళు కారుతుండగానే మడిచి రెండు చేతుల్లో పట్టుకుని మెట్లెక్కింది.

సింహం దాటేదాకా ఏమీ వినబడలేదు. తర్వాత వచ్చింది.

చిన్నపిల్ల అడుగులు ఎలా ఉంటాయో ఆవిడకి తెలుసు. టపటపమని, మధ్యలో ఆగుతూ, మళ్ళీ పరుగందుకుంటూ ఉంటాయి. ఇవి అవి కావు. బరువైన చెక్కజోళ్ళు. ఒకటి గట్టిగా పడుతుంది, రెండోది ఆకుల్ని ఈడ్చుకుంటూ వస్తుంది. మళ్ళీ గట్టిగా ఒకటి, మళ్ళీ ఈడుపు. ఆ నడక ఊళ్ళో ఒక్కడిదే. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడలో గుండు దిగి, ఆ ఇనప ముక్క అలాగే ఉండిపోయి, ఒక కాలు ఈడ్చుకుంటూ జీవితమంతా నడిచిన మనిషిది. బాతిస్త్ వెర్న్యోది.

నోయెలీ కాళ్ళు ఆగలేదు. చేతుల్లో చొక్కాని వేళ్ళతో తడిమింది. అంచు మడత లోపల గట్టిగా ఏదో తగిలింది. మడత విప్పి చూసింది. ఎర్ర దారంతో కుట్టిన గుర్తు. పెళ్ళినాటి బట్టలకి పెళ్ళికూతురు వేసే గుర్తు, బాతిస్త్ పేరులో మొదటి అక్షరం. ఆంజెల్ కత్తిరించేటప్పుడు దాన్ని తీసేయడానికి మనసొప్పక లోపలికి మడిచి కుట్టేసింది.

పిల్ల చెమట పైన ఉంది. గుడ్డ మాత్రం ముసలాయనది. ఆ గుడ్డ ఎవరిదో వాళ్ళనే పిలిచింది ఊట.

బాతిస్త్ ఎలా పోయాడో నోయెలీకి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. పట్నం ఆసుపత్రిలో, తెల్ల దుప్పటి కింద, చూడటానికి వెళ్ళిన ప్రతివాడి చెయ్యీ పట్టుకుని నన్ను ఇంటికి తీసుకుపొండి అనేవాడు. ఇవాళ కాదు రేపు అని ఆంజెల్, వచ్చే వారం అని రెమీ. చివరికి పెట్టెలో వచ్చాడు, తిన్నగా శ్మశానానికే పోయాడు. ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. ఇప్పుడు తన చొక్కా వెంట, తన కాళ్ళతో, ఇంటికి బయల్దేరాడు.

అడవి దారి పొడుగునా నోయెలీ ఆ ఒక్క విషయమే ఆలోచించింది. ఈ చొక్కా తీసుకెళ్ళి ఆ పిల్లకి తొడిగితే ఈయన ఎక్కడికి చేరతాడు? వెంట వచ్చింది రోగి ఒంట్లోకే చేరుతుంది, ఇంకో చోటికి పోదు. నాలుగేళ్ళు నిండని పిల్ల ఒంట్లో అంత ముసలి బరువు. ఆగి పారేద్దామంటే వెనకాల వచ్చేది ఆగదు, దారి తెలిసిన మనిషి. మాట్లాడితే ఆగొచ్చు. కానీ మాట్లాడితే పిల్లకోసం నడిచిన నడక అక్కడితో చచ్చిపోతుంది. ఆ పిల్లకి ఇంకో రోజు ఉందో లేదో.

వంతెన దగ్గరికి వచ్చేసరికి గుస్తు పార గట్టుకి ఆనించి, చేతులు దులుపుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు కూడా. ఆవిడ దగ్గరికి వచ్చేకొద్దీ ఆ నోరు అలాగే ఉండిపోయింది. ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూశాడు. టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని దారి పక్కకి తప్పుకున్నాడు. తర్వాత ఎంతమంది అడిగినా నేనేం చూళ్ళేదు, నోయెలమ్మ మొహం చూసి భయమేసింది అంతే అనేవాడు. అయితే ఆవిడ దాటిపోయాక కూడా వెంటనే టోపీ ఎందుకు పెట్టుకోలేదని అడిగితే మాత్రం లేచి వెళ్ళిపోయేవాడు.

వంతెన దాటాక దారి చీలుతుంది. ఎడమకి వెర్న్యో వాళ్ళ ఇల్లు, పొగగొట్టంలోంచి పొగ కనిపిస్తోంది. కుడికి శ్మశానం.

నోయెలీ కుడికి తిరిగింది. వెనకాల అడుగులు ఒక్క క్షణం ఆగాయి. ఇంటి దారి ఇటు కాదని తెలిసిన మనిషి ఆగినట్టు ఆగాయి. తర్వాత, చొక్కా ఎటు పోతే అటే, ఈడ్చుకుంటూ వచ్చాయి.

శ్మశానం మధ్యలో పోయినవాళ్ళ దీపస్తంభం ఉంది. రాతిది, సన్నగా, మనిషి కంటే ఎత్తు, పైన నాలుగు కిటికీల గూడు. పూర్వం అందులో దీపం పెట్టేవారట, ఇప్పుడు పిట్టలు గూడు కట్టుకుంటున్నాయి. కింద కూర్చోవడానికి వీలుగా రాతి అరుగు. నోయెలీ వెళ్ళి స్తంభానికి ఎదురుగా, దారికి వీపు పెట్టి నిలబడింది. అడుగులు వెనకాల, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఆగాయి. పొగాకు వాసన వచ్చింది, తడిసిన గొంగడి వాసన కూడా.

తల తిప్పకుండా, ఆవిడ నోరు తెరిచింది.

"బాతిస్తూ, ఇంక ఆగు. ఇంటికి కాదు మనం వెళ్తున్నది."

వెనకాల ఏమీ కదల్లేదు. నడక పోయింది, ఇక దాచుకోవాల్సింది ఏమీ లేదు. అందుకని ఇంక ఆపలేదు.

"నిన్ను ఇంటికి తీసుకురాలేదు వాళ్ళు, తప్పే. నేనూ చూడ్డానికొచ్చి ద్రాక్షపళ్ళు పెట్టి పోయాను, నువ్వు చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాను. నాదీ తప్పే. కానీ ఇప్పుడు నువ్వు ఆ గుమ్మం ఎక్కితే పిల్ల ఉండదయ్యా. నీ సోలాంజే. నీ మోకాలి మీద ఎక్కి గుర్రం గుర్రం అనేది. నువ్వేం కావాలని చెయ్యవు, నాకు తెలుసు. బరువుగా ఉంటావు, అంతే."

పొగాకు వాసన అలాగే ఉంది.

అప్పుడు నోయెలీ తనకి బాగా వచ్చిన పని చేసింది. ఇంటి కబుర్లు మొదలుపెట్టింది. ఎర్రావు ఈనింది, దూడ నుదుటి మీద తెల్లమచ్చ, నువ్వు ఎప్పుడూ అలాంటిదే కావాలనేవాడివి. కొట్టం తలుపు కిర్రుమంటోంది, రెమీ పట్టించుకోవడం లేదు, ఆంజెల్ రోజూ తిడుతోంది. బావి పక్క ఆపిల్ చెట్టు ఈసారి విరగకాసింది, సగం పళ్ళు కందిరీగల పాలయ్యాయి. ఆంజెల్ ఇప్పటికీ రొట్టె నీ వైపు నుంచే కోస్తుంది. సూప్ అడుగున వైను పోసుకుని గిన్నెత్తి తాగేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు, రెమీకి కడుపు మంట. నీ కుర్చీ పొయ్యి దగ్గరే ఉంది, పిల్లి పడుకుంటోంది. కోడలు మంచిదే, నువ్వు అనుకున్నంత పొగరు లేదు, మొన్న పంది కోసిన రోజు చేతులు మోచేతులదాకా రక్తంలో పెట్టి పనిచేసింది. ఇలా ఒకటి తర్వాత ఒకటి, నీళ్ళు తోడి పోసినట్టు, ఆ ఇంట్లో ఉన్నదంతా తెచ్చి అక్కడ పరిచింది. ఎంతసేపు మాట్లాడిందో తెలీదు. మంచు పలచబడి శిలువలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.

చివరికి ఎప్పుడో, వెనకాల నుంచి పక్కకి, ఈడ్చుకుంటూ రెండడుగులు. తర్వాత అలిసిన మనిషి బరువంతా వదిలి రాతి అరుగు మీద కూర్చున్న చప్పుడు.

నోయెలీ తడి చొక్కాని వంగి, చూపు నేలమీదే పెట్టి, అరుగు మీద పెట్టింది.

"ఇది నీది. ఉంచుకో" అంది.

వెనక్కి తిరిగి చూడకుండానే గేటు దాటి వచ్చింది. ఈసారి వెంట ఏ చప్పుడూ లేదు. అది ఇంకా భయంగా ఉంది. చేతులు ఖాళీగా, వాటి మీద నీళ్ళు ఎండిపోయి, ఎవరి ఇంటికి ఏం మొహంతో వెళ్తోందో తెలియకుండా నడిచింది.

వెర్న్యో వాళ్ళ ఇంట్లో ముగ్గురూ మంచం చుట్టూ నిలబడి ఉన్నారు. పిల్ల కళ్ళు సగం మూసుకుని, పెదవులు ఎండి, చిన్న చిన్నగా ఊపిరి తీస్తోంది. ముందు ఆంజెల్ నోయెలీ చేతులు చూసింది.

"చొక్కా ఏది?"

"పోయింది. దారిలో మాట్లాడాను. నడక చెడిపోయింది" అంది నోయెలీ.

నిజం నోటిదాకా వచ్చింది గానీ చెప్పలేదు. చెబితే ఆంజెల్ ఉన్న పళంగా శ్మశానానికి పరుగెత్తుతుంది. పరుగెత్తి, రా ఇంటికి అంటుంది. ఆవిడ ఆ మాట అనకుండా ఉండలేదు.

ఆంజెల్ వంగి పిల్ల దుప్పటి సర్దింది. తర్వాత అంది, మెల్లగానే.

"ఒక్క పూట. నా మనవరాలి కోసం ఒక్క పూట ఆ నాలిక పళ్ళ మధ్య పెట్టుకోలేకపోయావు. ఊరంతా నిన్ను చూసి నవ్వుతారే నోయెలీ. నేను మాత్రం నవ్వను."

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఆ తర్వాత ఏ ఇంటివాళ్ళూ ఊటకి వెళ్ళమని నోయెలీని పిలవలేదు. దుకాణంలో ఆవిడ నోరు తెరిస్తే ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవాళ్ళు. కానీ ఆ క్షణంలో నోయెలీ అదేమీ ఆలోచించలేదు. మంచం మీద ఊపిరినే చూస్తోంది.

"ఇంకోసారి వెళ్ళండి మీరు" అని రెమీ గొణిగాడు. అది కుదరదు. ఒకరి కోసం నడిచి చెడగొట్టినవాళ్ళు మళ్ళీ వాళ్ళ కోసం నడిస్తే ఊట పలకదు. నోయెలీ ఆ మాటే చెప్పింది.

అప్పుడు ఇవొన్ వంగి, పిల్లని కాస్త లేపి, లోపల తొడిగిన ఉన్ని బనీను తలమీంచి తీసింది. చెమటకి తడిసి చేతిలో ముడుచుకుంది అది. ఆంజెల్ ఎప్పుడూ ఎగతాళి చేసే బనీను, రెండు ఉతుకులకి చిరిగే పట్నం సరుకు అనేది.

"ఇది లిమోజ్‌లో దుకాణంలో కొన్నాను. కొత్తది. దీనికంటే ముందు ఎవరూ తొడగలేదు" అంది ఇవొన్. "ఎలా నడవాలో చెప్పండి."

నోయెలీ ఆవిడ కళ్ళలోకి చూసింది. ఈ పిల్లకి ఏదైనా తెలిసిందా అనుకుంది. తెలిసినట్టు లేదు.

"నమ్మకం లేదన్నావుగా."

"ఇప్పుడూ లేదు. ఇక్కడ నిలబడి దాని ఊపిరి వింటూ ఉండలేను."

నోయెలీ చెప్పాల్సిందంతా చెప్పింది. వెనకాల ఏం వినిపిస్తుందో ఒక్కటి చెప్పలేదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా అని మాత్రం అడిగింది. నిన్నటి నుంచీ తినలేదంది ఇవొన్.

ఇవొన్ వెళ్ళాక ఇల్లు చప్పుడు లేకుండా అయిపోయింది. రెమీ పశువుల దగ్గరికి పోయాడు. నోయెలీ మంచం పక్కన కూర్చుని గుడ్డ తడిపి పిల్ల పెదవులు అద్దుతోంది. ఆంజెల్ పొమ్మనలేదు, ఉండమనలేదు. పొయ్యి దగ్గర కూర్చుని చెస్ట్‌నట్ కాయలు వలుస్తోంది, కత్తి చప్పుడు ఒక్కటే వినబడుతోంది. పిల్లి ఖాళీ కుర్చీలో పడుకుని ఉంది.

చాలాసేపటికి ఆంజెల్ తలెత్తకుండా అడిగింది.

"ఎవరితో మాట్లాడావు?"

"దారిన పోయే ఒకాయనతో."

"ఏమడిగాడు?"

"ఇంటికి దారి."

కత్తి ఆగింది.

"చెప్పావా?"

"చెప్పలేదు" అంది నోయెలీ.

ఆంజెల్ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మళ్ళీ వలవడం మొదలుపెట్టి, ఎవరితోనూ కాదన్నట్టు, "మంచి గుడ్డ అది. ఇంకా చాలా ఏళ్ళు వచ్చేది" అంది. కత్తి ఒకటి రెండుసార్లు కాయ మీద కాక వేలి మీద పడింది. రక్తం తుడుచుకోలేదు.

మధ్యాహ్నం దాటాక మంచు పూర్తిగా విడిపోయింది. నోయెలీ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. వంతెన వైపు నుంచి ఇవొన్ వస్తోంది. రెండు చేతుల్లో తడి బనీను, నీళ్ళు గౌను మీద కారుతున్నాయి. మెడ నిండు బిందె మోస్తున్నట్టు బిగుసుకుపోయి ఉంది. మొహం సున్నంలా పాలిపోయింది. ఎప్పుడూ పరుగులాంటి నడకే ఆ పట్నం పిల్లది. ఇప్పుడు మాత్రం చిన్న చిన్న అడుగులు వేస్తోంది. నాలుగడుగులు వేసి నిదానిస్తోంది, మళ్ళీ వేస్తోంది.

చీలిక దగ్గర కుడివైపుకి చూడలేదు. ఇంటి దారికే తిరిగింది. వాకిట్లో గేటు దగ్గర బురద గుంట ఉంది. ఇవొన్ దాన్ని దాటి, అవతలి గట్టు మీద ఆగింది. వెనక్కి చూడలేదు. ఒక చేత్తో బనీను గుండెకి అదుముకుని, రెండో చేతిని కొంచెం వెనక్కి, కిందికి, ఖాళీగా చాపి అలాగే కాసేపు పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదవులు బిగబట్టింది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా ముందుకి తెచ్చుకుని మళ్ళీ నడిచింది.

నోయెలీ వెళ్ళి తలుపు బార్లా తీసింది. ఇవొన్ పలకలేదు, ఆవిడ మొహం వంక కూడా చూడలేదు. గడప దాటి తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళింది. ఆంజెల్ లేచి, రక్తం అంటిన చేతులతోనే పిల్లని లేపి పట్టుకుంది.

చలిగాలి లోపలికి కొడుతోంది, తలుపు వెయ్యమని రెమీ కొట్టంలోంచి కేకేశాడు. నోయెలీ వెయ్యలేదు. తలుపు పక్కకి ఒదిగి, గడప మీద చిన్నపిల్ల పట్టేంత దారి వదిలి, ఇంకాసేపు అలాగే నిలబడింది.